రోమా పేర్లూ, అక్క పలకని పేరూ

ఈ రాతలో ఎవరి పేరూ ఉండదు. నాదీ ఉండదు. పేర్లతో నేను పడ్డ పాట్లు చాలు. ఇప్పటికీ ఏ ఆఫీసులోనైనా గుమాస్తా తలెత్తకుండా పేరు అడిగితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మొదటి కోపం మామా మీద. కువైట్‌లో మేం ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్ళం. సల్వాలోని ఆ ఇంట్లో నేను అడుగుపెట్టిన రోజునే ఆవిడ నా పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. నాకు ఒక కొత్త పేరు పెట్టింది. అది నాకు ముందు ఆ ఇంట్లో చేసి వెళ్ళిపోయిన సిలోన్ అమ్మాయి పేరు. ఆ అమ్మాయికి ముందున్న ఇంకో పిల్లనీ అదే పేరుతో పిలిచేవారట. కొత్త పేర్లకు ఆవిడకు నోరు తిరగదట. లండన్‌లో కొన్న సెంటు సీసాల పేర్లకు మాత్రం బ్రహ్మాండంగా తిరిగేది. మొదటి నెలంతా ఆ పేరుతో పిలిస్తే నేను పలకనే లేదు. నాకు చెవుడేమోనని డాక్టరుకు చూపించబోయారు.

ఆ ఇంట్లో వంట చేసే ఆమె నాకంటే నాలుగేళ్ళు ముందు వచ్చింది. ఇద్దరిదీ పడమటి గోదావరే, ఇద్దరివీ మిషన్ గుడి ఉన్న పల్లెలే. ఆమెను నేను అక్క అనేదాన్ని. అక్కకయితే మామా ఆ పాత పేరు కూడా దండగనుకుంది. వంటావిడ అనే అర్థం వచ్చే అరబ్బీ మాటతో పిలిచేది. అక్క పలికేది. ఎవరు ఎలా పిలిచినా పలికేది. అదీ నాకు కోపమే.

మా పల్లెల సంగతి తెలియని వాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మాకు గుళ్ళో ఒక పేరు, బడిలో ఒక పేరు. గుళ్ళోది మిషన్ పేరు. మా తాతల కాలంలో ఇటలీ నుంచి వచ్చిన గడ్డం ఫాదర్ ఒకాయన, బిడ్డ పుట్టిన రోజు ఏ పునీతుల పండగో నల్ల అట్ట పుస్తకంలో చూసి, ఆ లాటిన్ పేరు పెట్టి నెత్తిన నీళ్ళు పోసేవాడట. ఆ అలవాటు ఆయనతో పోలేదు. బడిలో మాత్రం ఆ పేరు రాయిస్తే కిరస్తానం అని తేలిపోతుంది, కులం సర్టిఫికెట్టు పోతుంది. అందుకని పంతులు ఒక లక్ష్మినో సరస్వతినో రాసుకునేవాడు. అది రికార్డు పేరు. దాంతో ఎవరూ ఎవర్నీ పిలవరు. అక్కకు ఆ రెండు పేర్లూ ఉన్నాయి. నాకు మాత్రం ఒకటే. మా నాన్న మొండి మనిషి. నా బిడ్డకు దొంగ పేరెందుకని బడిలోనూ మిషన్ పేరే రాయించాడు. రావలసిన స్కాలర్‌షిప్పు రాలేదు, నా ఇంటర్ మధ్యలోనే ఆగింది. ఆ మొండితనం నాకూ వచ్చింది. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

1990 జూలైలో మామా, మేం బాబా అనే ఆవిడ మొగుడు, పిల్లలు, బాబా వాళ్ళమ్మ అందరూ ఎప్పటిలాగే ఎండలు తప్పించుకోవడానికి లండన్ పోయారు. ఇంటికి మమ్మల్నిద్దరినీ కాపలా పెట్టారు. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. పొద్దున్నే రొట్టెలకు వెళ్ళిన అక్క వట్టి చేతులతో పరిగెత్తుకొచ్చి, రోడ్డు మీద ట్యాంకులున్నాయని చెప్పి గడప మీద కూలబడింది. తర్వాత ఫోను పోయింది. వీధుల పేర్లున్న పలకలన్నీ కువైట్ వాళ్ళే పీకేశారు, సైనికులకు దారి దొరక్కూడదని. నెల తిరక్కుండా దేశానికే పేరు తీసేసి, ఇరాక్‌లో పంతొమ్మిదో జిల్లా అని రేడియోలో చెప్పారు.

అక్కకు షుగర్ జబ్బు. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది పడాలి. బాబా వాళ్ళమ్మకూ అదే జబ్బు. ఆవిడ మందులోంచే అక్కకూ ఇచ్చేవారు. ఆ ఒక్క విషయంలో ఆ ఇంటిని నేను తప్పుపట్టను. ముసలావిడ వదిలిపోయిన ఇన్సులిన్ సీసాలు కొన్ని ఫ్రిజ్ తలుపులో ఉన్నాయి. బయట మందుల షాపులు కొల్లగొట్టేశారని, ఆసుపత్రుల్లో సామాను లారీలకెత్తి బాస్రా పంపేస్తున్నారని విన్నాం. ఆ సీసాలు అయిపోయేలోగా అక్క ఇండియాలో ఉండాలి. మాకు మిగిలిన పని అదొక్కటే.

దారి దొరికేదాకా చేసేదేముంది? బాబా యూనివర్సిటీలో పాత చరిత్ర చెప్పేవాడు. ఆయన గదిలో దుమ్ము దులపాలే గాని పుస్తకం తెరవకూడదు. ఇప్పుడు ఎవరు చూడొచ్చారు? ఒక లావు ఇంగ్లీషు పుస్తకం తీశాను. అంతా పాతకాలం రోమా రాజ్యం వాళ్ళ పేర్ల గురించే. అవి ఎక్కడ పుట్టాయి, ఎన్ని రకాలు, ఎవరికి ఏ రకం. ముక్కా ముక్కా కూడబలుక్కుంటూ చదివి, వంటింట్లో అక్కకు చెప్పేదాన్ని.

రోమా మగవాడికి మూడు పేర్లు. మొదటిది ఇంట్లో పిలిచేది. అలాంటివి ఊరందరికీ కలిపి ఇరవై కూడా వాడుకలో లేవట, అందుకని ఒకటి రెండు అక్షరాలతో సరిపెట్టి రాసేవారు. రెండోది వంశం పేరు, మన ఇంటిపేరు లాంటిది. మూడోది చాలావరకు ఎగతాళికి పుట్టింది: బట్టతల వాడు, మెల్లకన్ను వాడు, వంకర కాళ్ళ వాడు, శనగగింజ. నాలుగు తరాలు గడిచాక ఆ ఎగతాళే గొప్పింటి గుర్తయి కూర్చుంది. ఇది విని అక్క నవ్వింది. మన ఇంటిపేర్లలో పప్పులూ ఉప్పులూ లేవేంటి అంది. ఇంకో రకం కూడా ఉంది. పరాయి దేశాన్ని గెలిచి వచ్చిన సేనాపతి ఆ దేశం పేరునే బిరుదుగా తగిలించుకునేవాడట. బయట ట్యాంకుల చప్పుడు వింటూ అది చదివాను.

ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. రోమాలో ఆడపిల్లకు సొంత పేరెందుకు అనుకున్నారు. తండ్రి వంశం పేరుకు ఆడ తోక తగిలిస్తే చాలు. ఇద్దరు పుడితే పెద్దది, చిన్నది. ఇంకా పుడితే మూడోది, నాలుగోది. అయినా పెళ్ళయ్యాక ఆ తండ్రి పేరు వాళ్ళకు పోయేది కాదట. మనకు తాళి పడేసరికి ఇంటిపేరు ఎగిరిపోతుంది. గుడ్డి కన్నా మెల్ల నయమని ఆ రోమా ఆడవాళ్ళను చూసి ఏడవాలన్న మాట.

బానిసల భాగం చదివిన రోజు పుస్తకం గోడకేసి కొట్టాను. తొలి రోజుల్లో బానిసకు యజమాని పేరు చివర ‘కుర్రాడు’ అని అతికించేవారు. ఫలానా వారి కుర్రాడు, అంతే. తర్వాత తర్వాత కొన్నవాడికి ఏది తోస్తే అది పెట్టారు. విడుదల చేశాక కూడా వాడి పేరుకు ముందు యజమాని పేరూ వంశం పేరూ వచ్చి కూర్చునేవి. ఆ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు తీసి చూసుకున్నాను. నా ఫోటో పక్కనే మా కఫీల్ పేరు, అంటే నన్ను పనికి రప్పించుకున్న బాబా పేరు. అది లేకపోతే నేను ఆ దేశంలో లేను. రెండు వేల ఏళ్ళు గడిచినా ఈ దరిద్రం పోలేదని కడుపు మండిపోయింది.

అక్క పుస్తకం తీసి దుమ్ము దులిపి, తన మిషన్ పేరు అందులో ఉందేమో చూడమంది. ఉంది. అదొక పాత రోమా వంశం పేరు, దానికి మూలం గుడ్డి అనే మాట అని రాసి ఉంది. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. అప్పటికే షుగరు వల్ల ఆమె కళ్ళు మసకబారుతున్నాయి. ఫాదర్ ముందే కనిపెట్టాడన్న మాట అని నవ్వేసి, ఆ పేరు తనకెంతో ఇష్టమని, పెళ్ళయ్యాక అలా పిలిచేవాళ్ళే లేరని చెప్పింది. ఇంటాయన ఏమే అంటాడట. పిల్లలు అమ్మా అంటారు. ఇక్కడేమో వంటావిడ. మనం పోయే దారి దొరకనీ, నిన్ను ఆ పేరుతోనే బస్సెక్కిస్తానని నేను మాటిచ్చాను. నా నోరు పడిపోను.

దారి చూపించింది సబా అల్ సలేంలో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్న రాజంపేట వైపు అన్న. బస్సులు బాస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణించి జోర్డాన్ పోతున్నాయని, అక్కడ మన విమానాలు ఎక్కించుకుంటున్నాయని చెప్పాడు. గునపం తెచ్చి మామా బీరువా పగలగొట్టి మా పాస్‌పోర్టులు తీసింది ఆయనే. తలుపు విరుగుతుంటే మామా తిడుతుందని అక్క లబలబలాడింది. మా చుట్టుపక్కల ఉన్న పదకొండు మంది తెలుగు ఆడవాళ్ళ జాబితా ఇంగ్లీషులో రాయమని ఆయన నాకు కాగితం ఇచ్చాడు. ఆ జాబితా మీదే సైన్యం ముద్ర పడుతుంది. పాస్‌పోర్టు చూసి రాయమ్మా అని రెండుసార్లు చెప్పాడు కూడా.

నేను చూసి రాయలేదు. ఎందుకు రాస్తాను? ఎవడో పంతులు భయపడి రాసిన పేరు, మామా బద్ధకించి పెట్టిన పేరు, ఏజెంటు తోచినట్టు చెక్కిన పేరు, ఇవి కాదు, అమ్మ ఏ పేరుతో పిలిచిందో ఆ పేరుతోనే ఈ ఆడవాళ్ళు ఇంటికి పోవాలని పట్టుబట్టాను. ఒక్కొక్కరినీ అడిగి రాశాను. కడప జిల్లా ఆడవాళ్ళకు ఉన్నది ఒక్క పేరే, తేడా రాలేదు. మా డెల్టా వాళ్ళం నలుగురం. నాకెలాగూ ఒకటే పేరు. మిగతా ముగ్గురికీ మిషన్ పేర్లు రాశాను. అక్క పేరు అన్నిటికంటే ముందు, కొట్టొచ్చినట్టు రాశాను. చదివి వినిపిస్తే అక్క ముఖం వెలిగింది.

బయల్దేరే రోజున బస్సు ఒక బడి ముందు ఆగి ఉంది. ఇరాక్ సైనికుడు ఒకడు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని, ఒక చేత్తో జాబితా, ఒక చేత్తో పాస్‌పోర్టు పట్టుకుని చూస్తున్నాడు. రాజంపేట అన్న పక్కన నిలబడి అరబ్బీలోంచి తెలుగులోకి చెబుతున్నాడు. నేను ముందే ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. మా వాళ్ళలో ఇద్దరిని పేరు తేడా అని ఆపాడు. పాస్‌పోర్టు దొంగిలించారేమోనని వాడి అనుమానం. లోపలి పేజీలో ఉన్న తండ్రి పేరు చెప్పమన్నాడు. పెళ్ళి కాని పిల్లలు, గబగబా చెప్పేసి ఎక్కేశారు. తర్వాత అక్క వంతు. అక్క పాస్‌పోర్టులో ఉన్నది మొగుడి పేరు. అది చెప్పమన్నాడు.

అక్క తల దించుకుంది.

అన్న మళ్ళీ అడిగాడు. అక్క తలకు కట్టుకున్న గుడ్డ కొస నోట్లో పెట్టుకుంది. నాకు అప్పుడు తట్టింది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. గుళ్ళో పెళ్ళి చేసుకున్నా పలకరు. రేషన్ షాపులోనూ పలకరు, పక్కనున్న పిల్లాడి చేత చెప్పిస్తారు. మా ఆయన అంటారు, పిల్లల నాన్న అంటారు. అంతకు మించి నోరు పెగలదు. నేను కిటికీలోంచి అరిచాను, చెప్పెయ్యి అక్కా అని. సైనికుడు వేలు చూపించి నా నోరు మూయించాడు. ఆ పాస్‌పోర్టు మూడు రోజులు నా చేతిలోనే ఉంది. రెండో పేజీ తిప్పి చూడలేదు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆయన పేరేంటని అడగనూ లేదు.

చివరికి అక్క గుడ్డ కొస నోట్లోంచి తీసింది.

“మా పెద్దోడి నాన్నండి,” అంది.

అన్న ఆ పెద్ద కొడుకు పేరు అడిగి, ఫలానా వాడి తండ్రి అని అరబ్బీలో చెప్పాడు. అరబ్బుల్లో మగవాణ్ణి అలా పిలవడం మర్యాదే. సైనికుడు తలాడించాడు. పాపం వాడికీ పంపించాలనే ఉన్నట్టుంది. కానీ కాగితంలో ఉన్న పేరు చెప్పమన్నాడు. ఒక్క ముక్క. అన్న బతిమాలాడు.

“ఏమ్మా, ఆ పేరేందో చెప్పకూడదా? ఈడ ఎవరు ఇంటారని నీకు సిగ్గు?”

అక్క గుడ్డ కొస మళ్ళీ నోట్లో పెట్టుకుంది. సైనికుడు పాస్‌పోర్టు ఆమె చేతిలో పడేసి ఖలాస్ అన్నాడు. అయిపోయిందని.

నేను బస్సు దిగాను. ప్రేమతో దిగాననుకునేరు. కోపంతో దిగాను. ఆ క్షణాన ఆమెను జుట్టు పట్టుకుని కొట్టాలనిపించింది. నువ్వన్నా పోమ్మా అని అన్న అంటూనే ఉన్నాడు. బస్సు జహ్రా వైపు వెళ్ళిపోయింది.

సల్వా ఇంటికి నడిచి వచ్చాం. దారంతా తిట్టాను. వంటింట్లోకి వచ్చాక ఫ్రిజ్ తలుపు తీసి చూపించాను. రెండు సీసాలు. ఎన్నాళ్ళొస్తాయో నువ్వే చెప్పు అన్నాను. పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గిపోతుందని అక్క గొణిగింది. ఏ సువార్తలో ఉందే అది అని అరిచాను. సువార్తలో లేదు, మా అమ్మ చెప్పింది అంది. నీ ఆయుష్షు ఈ తలుపులో ఉంది, దాన్ని గాలికొదిలేసి ఏమే అని తప్ప పిలవని వాడి ఆయుష్షు కాపాడుతున్నావా, సిగ్గు లేదా నీకు అన్నాను. అవన్నీ అన్నాను. ఒక్కటి మాత్రం అనలేదు. జాబితాలో ఆ పేరు రాసింది నేనని, పాస్‌పోర్టు చూసి రాసి ఉంటే ఎవడూ ఏమీ అడిగేవాడు కాదని నేను అనలేదు. అక్క కూడా అనలేదు. ఆమె అని ఉంటే బాగుండేది.

నా తిట్లన్నీ అయ్యాక అక్క స్టవ్ వైపు తిరిగి నిలబడింది. నాకు వీపు పెట్టి, ఆ పేరు పలికింది. ఒక్కసారే. గొంతు పెద్దది చెయ్యలేదు, చిన్నదీ చెయ్యలేదు. పక్కగదిలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు పిలిచింది. చివర కొంచెం సాగింది. పలికాక కాసేపు అలాగే నిలబడి విన్నది. తర్వాత బియ్యం కడిగింది.

నేను కొత్త జాబితా రాశాను, పాస్‌పోర్టులో అక్షరం అక్షరం చూసి, రికార్డు పేరే. తర్వాతి బస్సుకు పన్నెండు రోజులు పట్టింది. అక్క మందు సగానికి సగం తగ్గించి పొడుచుకుంది. అన్న ఊరవతల అమ్ఘరా దాకా తిరిగి మందు కోసం వెతికాడు, దొరకలేదు. బస్సు దగ్గర వేరే సైనికుడున్నాడు. పేరు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, ఎక్కమన్నాడు. మొగుడి పేరు అడగనే లేదు. అక్క మెట్ల మీద ఒక్క క్షణం ఆగింది, అడుగుతాడేమోనని. సిద్ధపడి వచ్చింది పాపం. యల్లా, పద పద అని వాడు కసిరాడు.

బాస్రా దాటేసరికి సీసా ఖాళీ. జోర్డాన్ ఎడారిలో గుడారాలకు చేరేసరికి అక్కకు నీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదు. డాక్టరు గుడారం ముందు వరసలో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. మా వంతు వచ్చేసరికి ఆమె లేదు. గుమాస్తా కాగితం తీసి తలెత్తకుండా పేరు అడిగాడు. రికార్డు పేరు చెప్పాను. ఆమె ఇష్టపడిన పేరు చెబితే ఆ కాగితం ఆమె ఇంటికి చేరదు. భర్త పేరు అడిగాడు. అదీ చెప్పాను.

ఇంటికి వచ్చిన రెండో వారం ఆ కాగితం పట్టుకుని అక్క ఊరు వెళ్ళాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మొగుణ్ణి ఏమేం కడిగెయ్యాలో అన్నీ వరసగా పెట్టుకున్నాను. చేపల చెరువు కాపలా చేసే మనిషి. పందిరి కింద వల బాగుచేస్తూ కూర్చున్నాడు. కబురు ముందే అందింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. నీ పేరు ఆమె ప్రాణం తీసిందని, ఒక్కసారి నోరు తెరిచి ఉంటే ఈపాటికి ఇక్కడ ఉండేదని, పెళ్ళాం ప్రాణం మీదికొచ్చినా పలకలేని పేరు పెట్టుకుని ఏం బావుకున్నావని అడిగాను. జాబితా సంగతి కూడా చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. ఆయన వల కిందపెట్టలేదు. అంతా విన్నాడు.

చివర, అక్క వంటింట్లో ఆ పేరు పలికిందని చెప్పాను. అప్పుడు చేతులు ఆగాయి.

“పలికిందాండి?” అన్నాడు. “ఎలా పలికిందండి? ఒక్కసారి ఆవిడ పలికినట్టే పలకండమ్మా.”

తిట్టడానికి ఇంకా బోలెడు మిగిలి ఉంది నా దగ్గర. పందిరి గుంజ వైపు తిరిగి, ఆయనకు వీపు పెట్టి, గొంతు పెంచకుండా, తగ్గించకుండా, చివర కొంచెం సాగదీసి ఆ పేరు పలికాను.

ఆయన వల మీద నుంచి తల ఎత్తకుండానే బదులిచ్చాడు.

“ఆఁ, వత్తన్నానే.”